చెక్క బంకు చెప్పే లెక్క

అనంతపురం నుంచి కదిరి వైపు పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద ముదిగుబ్బ ఉంది. ధర్మవరం–పాకాల రైలు దారి కూడా ఈ ఊరి మీదుగానే పోతుంది. రోడ్డూ రైలూ తగిలే సీమ ఊరు ఏదైనా అక్కడ బంకు లేకుండా ఉండదు. కోస్తాలో దీన్నే బడ్డీ కొట్టు అంటారు, తెలంగాణలో డబ్బా అంటారు. పాత చెక్క బంకును ఒకసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. నాలుగు కాళ్ళు, చెద ఎక్కకుండా కాళ్ళ కింద నాలుగు రాళ్ళు. నేలకు మూరెడు ఎత్తున పలకల అటక. ముందు వైపు రెండు రెక్కలు. పై రెక్క ఎత్తి కర్ర పోటు పెడితే నీడ, కింది రెక్క దించి గొలుసుకు వేలాడదీస్తే బల్ల. రాత్రి రెండూ మూసి గడియ వేస్తే పెట్టె. వడ్రంగి కొట్టంలో తయారై, ఎద్దుల బండెక్కి వచ్చి, పొద్దున దిగితే మధ్యాహ్నానికల్లా బీడీలూ బొరుగులూ అమ్మడం మొదలయ్యేది. రోడ్డు వెడల్పు చేస్తామని కొలతల గొలుసు పట్టుకుని ఎవరైనా వస్తే, నలుగురు తలా ఒక చెయ్యి వేసి నాలుగు గజాలు వెనక్కి జరిపేవాళ్ళు. ఒకచోట తయారుచేసి, మరోచోటికి మోసుకెళ్ళి, బిగించి వాడుకునే కట్టడాన్ని ఇవాళ ప్రీఫ్యాబ్ అంటున్నాం. ఆ మాట మన దాకా రాకముందే ఆ వస్తువు మన రోడ్డు పక్కన ఉంది.

హైదరాబాద్, బెంగళూరు శివార్లలో ఇప్పుడు చెక్క ఇళ్ళ తయారీ కొత్త వ్యాపారంగా తలెత్తుతోంది. ఫామ్‌హౌసులో ఒక గది, రిసార్టులో పది కాటేజీలు, మిద్దె మీద ఒక పెంట్‌హౌసు. ఫ్యాక్టరీలో కోసి, లారీలో తెచ్చి, వారం పది రోజుల్లో నిలబెడతామని వీడియోల్లో చెబుతారు. ఈ తయారీదారులకు ముందు ముందు గిరాకీ ఎలా ఉంటుంది, ముఖ్యంగా అనంత పీఠభూమి లాంటి చోట ఎలా ఉంటుంది అన్న ప్రశ్నకు జవాబు స్వీడన్‌లో వెతకడం కంటే మన బంకులో వెతకడం మేలు. ఎందుకంటే గడిచిన ముప్పై నలభై ఏళ్ళలో బంకు చెక్క వదిలేసి ఇనుప రేకులోకి మారింది. ఉన్న ఒక్క చెక్క ప్రీఫ్యాబ్ మార్కెట్టునూ చెక్క పోగొట్టుకుంది. ఎందుకు పోగొట్టుకుందో తేల్చకుండా ఇంటిని గెలుస్తామంటే అది వ్యాపార ప్రణాళిక అనిపించుకోదు.

సీమ జనానికి చెక్క తెలియక కాదు. మట్టి మిద్దె అంటేనే రాతి గోడల మీద చెక్క కప్పు. దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కట్టెలు, ఆపైన చౌడు మట్టి. ఇంట్లో చెక్క ఎంత ఉందో చూసి ఆ ఇంటి స్తోమతు చెప్పేవాళ్ళు. ఆ చెక్క ఎప్పుడు చేయి దాటిపోయిందో తేదీలతో సహా చెప్పవచ్చు. 1988 జాతీయ అటవీ విధానం కలపకు బదులు వేరే సరుకులు వాడమంది. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన భవనాల్లో కలప వాడకాన్ని నిషేధించింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అనుమతి లేని నరుకుళ్ళు ఆగిపోయాయి, సామిల్లుల మీద పట్టు బిగిసింది. 2014లో బర్మా దుంగల ఎగుమతిని ఆపేసింది. రంగూన్ టేకుకు అలవాటు పడిన మన టింబర్ డిపోలకు అది పెద్ద దెబ్బ. ప్రజాపనుల శాఖ నిషేధం తొలగింది 2020లో. ఇరవై ఏడేళ్ళు ప్రభుత్వ ఇంజనీరు ముట్టుకోని సరుకు మీద ఏ పాలిటెక్నిక్ కుర్రాడు చదువు వృథా చేసుకుంటాడు? ఈ కాలంలోనే ప్రతి మండల కేంద్రంలో వెల్డింగు షాపులు వెలిశాయి. వడ్రంగి కొడుకు రందా పక్కన పెట్టి వెల్డింగు రాడ్డు పట్టుకున్నాడు. రేకు కొనాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు, చెద పట్టదు, దొంగ పలక పీకలేడు. బంకు ఇనుముదైంది.

కాబట్టి చెక్క ఓడింది ఫ్యాషన్‌లో కాదు, సరఫరాలో. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే మిగతా లెక్కలన్నీ సులువవుతాయి. ఆ సరఫరా చిక్కు ఎంతదో ముందు అంకెల్లో చూద్దాం. ఆరడుగులు, ఎనిమిదడుగుల బంకుకు చుట్టూ గోడ ఇరవై ఎనిమిది అడుగులు. ఏడడుగుల ఎత్తుకు 196 చదరపుటడుగులు. అంగుళం మందం పలకైతే అది పదహారు ఘనపుటడుగుల పైచిలుకు. అటకకూ పైకప్పుకూ ఇంకో ఎనిమిది, చట్రానికి ఆరేడు. మొత్తం ముప్పై ఘనపుటడుగులు అనుకుందాం. మన డిపోల్లో దుంగను కొలిచే పద్ధతి పాతదే. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవు ఉన్న వేప మొద్దు అంటే ఎనిమిది ఘనపుటడుగులు. రంపం కింద పొట్టుగానూ బద్దలుగానూ దాదాపు సగం పోతుంది. నాలుగు, నాలుగున్నర మిగులుతాయి. అంటే ఒక బంకుకు ఏడు చెట్లు. ఇదే లెక్కన ఆరువందల చదరపుటడుగుల ఇంటికి బయటి గోడలు రెండు పొరలు, లోపలి అడ్డాలు, నేల, కప్పు, చట్రం అన్నీ వేసుకుంటే 350 నుంచి 400 ఘనపుటడుగులు. చెట్లు ఎనభై తొంభై. ఏడు చెట్లు ఒక రైతు గట్టు మీద దొరుకుతాయి. తొంభై కావాలంటే తోపు కావాలి, లేదా ఓడరేవు కావాలి.

తయారీదారులు ఎంచుకున్నది ఓడరేవునే. న్యూజిలాండ్ పైన్, కెనడా హెమ్‌లాక్, యూరప్ స్ప్రూస్ మన రేవుల్లో దిగుతున్నాయి. ఎండబెట్టి, సైజు కోసి వస్తాయి, పని తేలిక. కానీ ఆ ధర మన చేతిలో ఉండదు. కరోనా కాలంలో అమెరికాలో కలప ధర వెయ్యి బోర్డు అడుగులకు నాలుగు వందల డాలర్ల లోపు నుంచి 2021 మే నాటికి పదహారు వందల డాలర్లు దాటి, మళ్ళీ అంతే వేగంగా కూలింది. ఇల్లు ఫలానా రేటుకు కట్టిస్తానని అడ్వాన్సు తీసుకున్నవాడు ఆ ఏడాది ఏం చేయాలి? సిమెంటుకూ ధరలు పెరుగుతాయి గానీ, ఒక్క ఏడాదిలో నాలుగింతలై కూర్చోవు. పైగా నిన్నటిదాకా చెక్కకు ఉన్న చిన్న వెసులుబాటు కూడా పోయింది. సిమెంటు మీద 28 శాతం, కలప మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటూ 18కే దిగింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ప్రపంచమంతా చెక్క వైపు తిరుగుతోంది కదా, నార్వేలో 85 మీటర్ల భవనం, మిల్వాకీలో పాతిక అంతస్తుల భవనం చెక్కతో లేచాయి కదా, పెద్ద ఫ్యాక్టరీ పెడితే ధర దిగదా అని. దీనికి జవాబు ముదిగుబ్బ రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే దొరుకుతుంది. ఈ 42వ నంబరు రహదారి కదిరి, మదనపల్లె, కుప్పం దాటి తమిళనాడులోని కృష్ణగిరిలో ముగుస్తుంది. అక్కడ కేఈఎఫ్ ఇన్‌ఫ్రా అనే సంస్థకు కాంక్రీటు ప్రీఫ్యాబ్ కర్మాగారం ఉండేది. 2015లో కాలిఫోర్నియాలో మొదలైన కటెర్రా 2018లో ఆ సంస్థను కలుపుకుంది. భవన నిర్మాణాన్ని కార్ల తయారీలా మార్చేస్తామని చెప్పి వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి తెచ్చింది. 2019లో వాషింగ్టన్ రాష్ట్రంలో పొరలు పొరలుగా అతికించిన కలప పలకల ఫ్యాక్టరీ తెరిచింది. 2021 జూన్‌లో దివాలా తీసింది. బ్రిటన్‌లో లీగల్ అండ్ జనరల్ అనే బీమా దిగ్గజం 2016లో యార్క్‌షైర్‌లో ఇళ్ళ ఫ్యాక్టరీ పెట్టి, 2023లో ఉత్పత్తి ఆపేసింది. అదే ఏడాది అక్కడి మరో ఇళ్ళ ఫ్యాక్టరీ ఇల్కే హోమ్స్ కూలింది. వీళ్ళకు కలప కొరత లేదు, యంత్రాల కొరత లేదు, డబ్బు కొరత మొదట్లో అసలే లేదు.

వీళ్ళను ముంచింది ఖాళీగా నిలబడే ఫ్యాక్టరీ. మేస్త్రీకి పని లేకపోతే కూలి ఇవ్వం. ఫ్యాక్టరీకి పని లేకపోయినా వడ్డీ, అద్దె, జీతం ఆగవు. ఇళ్ళ గిరాకీ ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. వడ్డీ రేటు పెరిగితే, ప్లానింగు అనుమతి ఆలస్యమైతే, ఎన్నికలొస్తే ఆర్డర్లు నిలిచిపోతాయి. స్వీడన్‌లో, జపాన్‌లో ఈ వ్యాపారం దశాబ్దాలుగా నిలబడింది నిజమే. కానీ అక్కడ వెనక అడవులు, పక్కన బ్యాంకులు, ముందు అలవాటు పడిన కొనుగోలుదారు ఉన్నారు. అమెరికాలో సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగు చూపించి చెక్క ఇళ్ళు రైలు పెట్టెల్లో పంపింది. ఆ ఇళ్ళు చాలా భాగం ఇంకా నిలబడే ఉన్నాయి. సియర్స్‌ను ఇబ్బంది పెట్టింది ఇళ్ళు కాదు, వాటి మీద తానే ఇచ్చిన అప్పులు మహామాంద్యంలో వసూలు కాకపోవడం. మన దేశమూ ఈ దారి తొక్కకపోలేదు. దేశ విభజనలో వచ్చిన జనానికి ఇళ్ళ కోసం 1948లో ఢిల్లీలో ప్రభుత్వమే గృహ కర్మాగారం పెట్టింది. ఆ తొలి పలకలు పగుళ్ళిచ్చాయి. అది తర్వాత కాంక్రీటు స్లీపర్లూ స్తంభాలూ చేసుకుంటూ హిందుస్థాన్ ప్రీఫ్యాబ్‌గా బతికింది. ఇల్లు చేయబోయి స్తంభాల మీద బతకడం ఈ పరిశ్రమలో కొత్తేమీ కాదు.

పెద్ద ఫ్యాక్టరీని ఆదుకోగల ఒకే ఒక్క కొనుగోలుదారు ప్రభుత్వం. ఆ తలుపు చెక్కకు మూసే ఉంది. 2021 జనవరి 1న ప్రధాని ఆరు నగరాల్లో కొత్త పద్ధతులతో ఇళ్ళు కట్టే లైట్‌హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేశారు. ఇండోర్‌లో శాండ్‌విచ్ పలకలు, రాజ్‌కోట్‌లో టన్నెల్ అచ్చులు, చెన్నైలో ప్రీకాస్ట్, రాంచీలో గదులకు గదులే పోతపోసే పద్ధతి, అగర్తలాలో పల్చటి ఉక్కు చట్రం, లక్నోలో పీవీసీ అచ్చు. ప్రపంచమంతా గాలించి తెచ్చామన్న ఆరు పద్ధతుల్లో చెక్కది ఒక్కటీ లేదు. మన రాష్ట్రంలో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ళు అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలతో లేచాయి. వాడుకలో పక్కా ఇల్లు అన్న మాటలోనే చెక్కకు చోటు లేదు. 2001 జనగణన నిర్వచనం చూడండి. చెక్క గోడను గడ్డి, వెదురు, ప్లాస్టిక్ పట్టాల గోడలతో కలిపి తాత్కాలికం అన్నది. ఇనుప రేకు గోడను మాత్రం శాశ్వతం కింద వేసింది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో కూర్చున్నవాడికి ఆ శాశ్వతత్వం ఏమిటో బాగా తెలుసు. ఏమైనా, సర్కారు కాగితంలో తాత్కాలికమైన దానికి ఇరవై ఏళ్ళ గృహరుణం ఏ బ్యాంకు మేనేజరు ఇస్తాడు?

మనవాళ్ళకు చెక్క ఇల్లంటే నమ్మకం లేదు, అదే అసలు అడ్డంకి అనేవాళ్ళు ఉన్నారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉండే తెలుగు కుటుంబాలను చూస్తే ఆ మాట నిలవదు. అమెరికాలో కొత్తగా కట్టే విడి ఇళ్ళలో పదింటికి తొమ్మిది చెక్క చట్రం మీదే లేస్తాయి. టెక్సస్‌లో బయటకు ఇటుక గోడలా కనిపించేది ఒంటి పొర తొడుగు మాత్రమే, బరువు మోసేది లోపలి చెక్క. పొగ అలారం మోగకుండా జాగ్రత్తపడి పాలు పొంగించుకుని, ముప్పై ఏళ్ళ వాయిదాల మీద ఆ చెక్క ఇంట్లోనే మనవాళ్ళు హాయిగా ఉంటున్నారు. అదే మనిషి ఊళ్ళో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తే మాత్రం పిల్లర్లు వేసి స్లాబు పోయిస్తాడు. ఇందులో వింత లేదు. అక్కడ ప్రతి చెక్క ముక్క మీద దాని బలం చెప్పే ముద్ర ఉంటుంది. దాన్ని కొట్టే పనివాడు, తనిఖీ చేసే అధికారి, బీమా చేసే కంపెనీ, రేపు తిరిగి కొనేవాడు అందరూ ఉన్నారు. ఇక్కడ ఐఎస్ 883 అనే ప్రమాణం కాగితం మీద ఉంది. ఏ బరువుకు ఎంత మందం దూలం కావాలో లెక్కగట్టే పద్ధతి అందులో ఉంది. కదిరిలోనో ధర్మవరంలోనో టింబర్ డిపోకు పోయి ఆ ప్రమాణం ముద్ర ఉన్న చెక్క ఇమ్మని అడిగి చూడండి. నమ్మకం మనిషిలో ఉండేది కాదు, మార్కెట్టులో ఉండేది. అది రాత్రికి రాత్రి దిగుమతి కాదు.

ఇంతదాకా చదివినవాళ్ళు ఈ వ్యాపారానికి నూకలు చెల్లాయని చెప్పబోతున్నాననుకోవచ్చు. కాదు. ఇల్లు అనే సరుకును వదిలేస్తే ఈ తయారీదారుడికి ఇదే పీఠభూమిలో చోటుంది. తాత్కాలికమని జనగణన పెట్టిన పేరునే ఆస్తిగా చేసుకోవాలి. జరగగలిగేది, నేల మీద హక్కుతో పని లేనిది, అప్పు లేకుండా ఒక్కసారి డబ్బిచ్చి కొనగలిగేది, ఏడెనిమిది చెట్లతో అయ్యేది. అంటే బంకు, దాని చుట్టాలు. ఆ చుట్టాలు ఈ ప్రాంతంలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. కదిరి అవతల నంబులపూలకుంటలో సోలార్ పార్కు ఉంది. 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్లతో మొదలుపెట్టింది అక్కడే. అలాంటి చోట కాపలా గది, సైటు ఆఫీసు, పనివాళ్ళ విశ్రాంతి గది కావాలి, పని అయ్యాక ఎత్తుకుపోవాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు వస్తున్నాయి. ఆ ఫ్యాక్టరీ వెంట విడిభాగాల యూనిట్లు, గోదాములు, రోడ్డు పక్క హోటళ్ళు వచ్చాయి. చీనీ తోటల్లో కాపలా గది కావాలి. పాత బండల మిద్దె మీద బరువు మోపలేని ఇంటికి పిల్లల చదువు గది కావాలి. పైన్ చెక్క ఘనపు మీటరుకు ఐదువందల కిలోలు ఉంటే కాంక్రీటు రెండువేల నాలుగువందలు. మిద్దె మీద గదికి ఈ తేడా చిన్నది కాదు. అయినా పాత మిద్దెను ఇంజనీరుకు చూపించకుండా ఏ గదీ ఎక్కించకూడదు.

ఈ పనులన్నీ ఇప్పుడు ఇనుప రేకూ, కంటైనర్లూ, పఫ్ పలకల (మధ్యలో నురుగు నింపినవి) పోర్టా క్యాబిన్లూ చేస్తున్నాయి. వాటి మీద చెక్క గెలవాల్సిన చోటు ఒక్కటే: ఎండ. ముదిగుబ్బ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం మామూలు. ఉక్కు చెక్క కంటే మూడువందల రెట్లకు పైగా వేడిని లాగుతుంది. రేకు బంకు లోపలి గోడకు ఆ వేళ వీపు ఆనించలేరు. చాక్లెట్లు కరుగుతాయి, కూల్‌డ్రింకు ఫ్రిజ్జు ఆగకుండా తిరుగుతుంది, అంగడి మనిషి బయట చెట్టు కింద కూర్చుని గిరాకీ వస్తే లోపలికి పరిగెత్తుతాడు. ఇక్కడ చెక్కను మరీ పొగడకూడదు కూడా. మందపాటి రాతి గోడ పగటి వేడిని మింగి ఇంటిని చల్లగా ఉంచినట్టు పల్చటి చెక్క గోడ ఉంచలేదు. రాతి మిద్దెతో చెక్కకు పోటీ లేదు. కానీ రాతి మిద్దెను లారీ ఎక్కించలేం. కదిలే కట్టడాల్లో చెక్కకు పోటీ రేకుతోనే, పఫ్ పలకతోనే. పఫ్ పలక వేడిని చెక్క కంటే బాగా ఆపుతుంది, నిజమే. కానీ దానికి గంటు పడితే, మూల వంగితే ఈ ఊళ్ళో బాగుచేసేవాడు లేడు. చెక్క పలక విరిగితే మార్చేవాడు పక్క వీధిలో ఉన్నాడు, ఇంకా కొన్నాళ్ళు ఉంటాడు.

చెక్క మాత్రమే ఉండాలన్న పట్టు కూడా వదులుకోవాలి. కింద ఉక్కు చట్రం, గోడలు చెక్క, పొయ్యి ఉన్న వైపు సిమెంటు పలక. ఇలాంటి కలగలుపు సరుకే ఇక్కడ నడుస్తుంది. తెలుగు పరిశ్రమకు ఈ కలగలుపు కొత్త కాదు. హైదరాబాదుకు చెందిన ఎన్‌సీఎల్ ఇండస్ట్రీస్ చెక్క తురుమునూ సిమెంటునూ కలిపి నొక్కి బైసన్ ప్యానెల్ పేరుతో పలకలు అమ్ముతోంది. విశాక ఇండస్ట్రీస్ సిమెంటు రేకుల నుంచి వీనెక్స్ట్ అనే సిమెంటు పలకలకు విస్తరించింది. తెలుగు మదుపరులు తడి పని లేని పొడి నిర్మాణంలో డబ్బు పెట్టినప్పుడు చెక్కను చెక్కగా కాక, సిమెంటు చాటున దాచి అమ్మారు. వాళ్ళ లెక్క తప్పు కాదు. దాచిన చెక్కకు చెద, నిప్పు, నీరు అనే మూడు ప్రశ్నలు రావు.

ఆ మూడింటికీ జవాబు చెప్పకుండా తయారీదారుడు తప్పించుకోలేడు. చెద సంగతి పాత బంకే చెప్పింది. చెద నేలలోంచి వస్తుంది, చెక్క నేలను తాకకూడదు. కాళ్ళ కింద రాయి, రాయికీ చెక్కకూ మధ్య అంచులు వంచిన రేకు ముక్క, ఏడాదికోసారి కిందికి వంగి చూడగలిగేంత ఎత్తు. దీనికి తోడు ఒత్తిడితో మందు ఎక్కించిన చెక్క వాడాలి. పైన పూసిన మందు పూతగానే ఉంటుంది. నిప్పు సంగతి కొంచెం చిక్కు. లావు దూలం కాలితే పైన బొగ్గు పొర కట్టి లోపలి చెక్కను కాపాడుతుంది. నిమిషానికి ముప్పావు మిల్లీమీటరు కూడా లోపలికి పోదు. అందుకే విదేశాల్లో ఎత్తైన చెక్క భవనాలకు అనుమతి దొరుకుతోంది. అంగుళం పలక బంకుకు ఆ వాదన చెల్లదు. అది అరగంటలో పోతుంది. గ్యాసు పొయ్యి పెట్టే టీ బంకును పూర్తి చెక్కతో చేసి అమ్మడం బాధ్యత లేని పని. నీటి సంగతి ఇక్కడ పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా నికరంగా పడని నేల ఇది.

ఆ 550 మిల్లీమీటర్ల నుంచే బలమైన ఆక్షేపణ పుడుతుంది. కరువు సీమలో చెట్లు నరికి బంకులు చేయమంటారా అని. శేషాచలంలో కోట్ల విలువైన ఎర్రచందనం పక్కనే ఉన్నా అది ముట్టుకోవడానికి లేదు, ముట్టుకోకూడదు కూడా. అడవి మాట ఇక్కడ అసలు లేదు. లెక్కలో ఉన్నది రైతు గట్టు మీది వేప, తుమ్మ, కానుగ, కాపు తగ్గిన చింత, మామిడి. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుని నష్టపోయిన రైతుకు గట్టు చెట్టు ఎండాకాలపు బ్యాంకు. కానీ ఆ బ్యాంకులోంచి డబ్బు తీయడం కష్టం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అనుమతి కోసం తిరిగే ఓపిక లేని రైతు దళారీకి చెట్టునే అయినకాడికి అమ్ముతాడు, దళారీ దాన్ని ఇటుక బట్టీకి కట్టెగా తోలతాడు. నిలువు దుంగ బూడిదవుతుంది. నియమం చెట్టును కాపాడలేదు, దాని ధరను చంపింది. ఈ దిశలో గాలి కొంచెం మారుతోంది. 2017లో అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ పొలాల్లో పెంచిన చెట్ల నరికివేతకు నమూనా నియమాలు రాష్ట్రాలకు పంపింది. రాష్ట్రం వాటిని ఎలా అమలు చేస్తుందన్న దాని మీద బంకు తయారీదారుడి ముడిసరుకు ధర ఆధారపడుతుంది. చెట్టుకు కట్టె ధర కాక కలప ధర వస్తే రైతు నాటుతాడు. ప్రకాశం, కృష్ణా రైతులు సుబాబుల్, జామాయిల్ వేసింది పేపరు మిల్లు కొంటుందనే కదా. ఇక్కడి వానకు చెట్టు అంత త్వరగా ఎదగదు, కొంత కలప దిగువ జిల్లాల నుంచి రావాల్సిందే. ఒకే మొక్కను నమ్ముకున్నవాళ్ళ అవస్థ చూడాలంటే కొండపల్లి చాలు. తెల్ల పొణికి కరువై బొమ్మల చేతులు ఖాళీ అయ్యే పరిస్థితి అక్కడ ఏళ్ళుగా ఉంది.

సంపన్నుల ఫామ్‌హౌసు మార్కెట్టును ఎందుకు పక్కన పెట్టారని అడగవచ్చు. పక్కన పెట్టలేదు, దాని మీద ఫ్యాక్టరీ నిలబెట్టవద్దన్నాను. బెంగళూరు నుంచి లేపాక్షి, చిలమత్తూరు వైపు భూములు కొనేవాళ్ళు చెక్క గది కోరతారు, మంచి ధరా ఇస్తారు. కానీ ఒకడు ఒక్కసారే కొంటాడు. పునాది లేదు కాబట్టి ఏ అనుమతీ అక్కర్లేదని చెప్పి అమ్మడం ఈ రంగంలో మామూలైపోయింది. ఒక్క పంచాయతీ నోటీసు వస్తే ఆ మాట అన్నవాడి ఫోను మోగడం ఆగదు. బంకు కొనేవాడు వేరు. వాడికి అది పెట్టుబడి, రోజూ తిరిగి రాబట్టుకునే సరుకు. నచ్చితే తమ్ముడికి ఇంకోటి చెబుతాడు.

ఇక ముదిగుబ్బకే ప్రత్యేకంగా ఉన్న ఒక ఆస్తి గురించి ఎవరూ మాట్లాడరు. చెక్క పగలడానికీ, వంగడానికీ, తలుపు బిగుసుకుపోవడానికీ మూలం తడి. రేవులో దిగి సముద్రపు గాలి పీల్చుకున్న పైన్ పలక ఈ ఎండకు వచ్చాక ముడుచుకుంటుంది, అతుకులు విచ్చుకుంటాయి. హైదరాబాదులో బిగించి ఇక్కడికి తెచ్చిన చెక్క గదుల మీద వచ్చే ఫిర్యాదులకు ఇది ఒక కారణం అవుతుంది. అదే పలకను ఇక్కడే ఆరబెడితే ఇక్కడి గాలికి సరిపడేంత ముడుచుకున్నాకే రంపం కిందికి పోతుంది. ఎండబెట్టే కొలిమికి కోస్తా మిల్లు కట్టె కాల్చాలి, కరెంటు కట్టాలి. ఈ పీఠభూమి పొడి గాలి ఆ పనిలో చాలా భాగం ఉచితంగా చేస్తుంది. కావాల్సిందల్లా నాలుగు వైపులా తెరిచిన పాక, తూర్పు పడమరల ఎండ నేరుగా తగలకుండా తడికలు. పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం రీపర్లు అడుగున్నర ఎడంగా, ఒకదాని మీద ఒకటి సరిగ్గా నిలువు గీతలో పేర్చాలి. గీత తప్పితే పలక ఆ చోటే వంగుతుంది. తొందరపడి ఎండలోకి లాగితే కొసలు చీలుతాయి, అందుకే కొసలకు మైనమో రంగో పూస్తారు. అంగుళం పలక ఇలా కొన్ని నెలలు కూర్చోవాలి. తడి కొలిచే చిన్న మీటరును పొద్దునా సాయంత్రమూ పలకకు గుచ్చి, అంకె దిగడం ఆగిందాకా వేచి ఉండాలి. ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడు కంప్యూటరు రంపం ధరలు కనుక్కోవడానికి ముందు కొనాల్సింది ఆ మీటరు. నిరుడు సంక్రాంతికి కోసిన వేప పలకలు ఈ ఉగాదికి బంకు అవుతాయి.